అద్దె ఇంట్లో ఒకటే గది: పొద్దున టిఫిన్‌కి, ఆ తర్వాత పిల్లల ఆటకి. ఎలా సర్దుకోవాలి?

రాయగడ కోడలు:

అందరికీ నమస్కారం. మావారి ఫ్యాక్టరీ ఉద్యోగం పుణ్యమా అని నాలుగేళ్లలో ఇది మూడో అద్దె ఇల్లు. రెండో అంతస్తు, రెండు బెడ్రూములు. వంటింటికీ బాల్కనీకీ మధ్య తొమ్మిది అడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పొడవు గది ఒకటి ఉంది. ఓనరమ్మ దాన్ని డైనింగ్ హాలు అంటుంది, మా అమ్మాయి ఆటగది అంటుంది. ఇద్దరూ తగ్గరు. తూర్పు కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. ఏడింటికల్లా ఎండ వచ్చి నేల మీద గ్రిల్ నీడతో సహా పరుచుకుంటుంది. నిజం చెప్పాలంటే ఆ ఎండ చూసే అడ్వాన్సు ఇచ్చేశాం. సింకు కింద కారుతోందని తర్వాత తెలిసింది.

పొద్దున ఏడుంపావు నుంచి ఎనిమిదిన్నర దాకా అది టిఫిన్ గది. ఆ తర్వాత పిల్లల రాజ్యం. పాపకి ఐదేళ్లు, బాబుకి రెండు. రెండు పనులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. మొన్న ఘుగ్నీ (బఠాణీ కూర) గిన్నెలో ప్లాస్టిక్ ఆవుదూడ దొరికింది. నిన్న బొమ్మ రైలు పెట్టెలో ఎండిపోయిన ఇడ్లీ ముక్క, బాల్కనీ గడప దాకా చీమల బారు.

ఇల్లు అందంగా ఉండాలని నాకూ ఉంటుంది. కానీ మేకు కొట్టకూడదు, డ్రిల్లు అసలే వద్దు. గోడలకి మామూలు డిస్టెంపరు. వెనకటి ఇంట్లో పాప కోసం సీతాకోకచిలుకల స్టిక్కర్లు అంటిస్తే, ఖాళీ చేసేటప్పుడు వాటితో పాటు రంగూ ఊడొచ్చి అడ్వాన్సులో మూడు వేలు కోసుకున్నారు. ఉత్తరం గోడ వానల్లో చెమ్మగిల్లుతుంది. బాబుకి కిటికీ గ్రిల్ కొరకడం, నాకడం అలవాటు, ఎంత అరిచినా వినడు. మా అత్తగారు నేల మీద పీట వేసుకునే తింటారు, అందుకని అందరికీ కలిపి పొట్టి బల్ల ఒకటి వేద్దామనుకుంటున్నాను. ఇంకో కోరిక, ఒక గోడకి ఎర్రమట్టి రంగు వేసి దాని మీద తెల్లగా సవర బొమ్మలు గీయాలని. ఓనరమ్మని ఇంకా అడగలేదు. బడ్జెట్ ఆరు వేలు. సలహాలు చెప్పండి.

బరంపురం బుజ్జి:

అక్కా, ముందుగా ఒక మాట. టేపు, స్టిక్కరు, 'గోడ పాడవదు' అని అమ్మే హుక్కులు, ఏవీ డిస్టెంపరు మీద నమ్మకు. అరచేయి రాస్తే సుద్దలా తెల్లగా అంటుకుంటే ఆ గోడకి ఏది అంటించినా రంగుతోనే ఊడుతుంది. మా ఇంట్లో అటకకి, కిటికీకి, ఫ్యాను పక్కన స్లాబులో వదిలిన ఊయల కొక్కేనికి తప్ప గోడకి ఏమీ తగిలించం. కిటికీ గ్రిల్ నుంచి తలుపు పైనున్న వెంటిలేటర్ చువ్వకి ఒక తాడు కట్టి, బట్టల క్లిప్పులతో పిల్లలు గీసిన బొమ్మలు వేలాడదీస్తే సరి, వారానికోసారి మార్చుకోవచ్చు. తాడు మాత్రం పిల్లలకి అందనంత ఎత్తులో కట్టు, కింద వేలాడే కొసలు వదలకు. మెడకి చుట్టుకుంటే ప్రమాదం.

రంగు కావాలంటే పిపిలి చాందువా (రంగు గుడ్డలు అతికి కుట్టే పని) ముక్క ఒకటి తెచ్చి అటక అంచుకి కట్టు. భువనేశ్వర్ నుంచి పూరీ వెళ్లే దారిలోనే పిపిలి. రోడ్డుకి రెండు వైపులా అవే దుకాణాలు. ఎరుపు, పసుపు, నలుపు గుడ్డ ఏనుగులు. మా పిల్లలు పొద్దున పాలు తాగేటప్పుడు వాటిని లెక్కపెడతారు.

పర్లాకిమిడి చెక్కపని:

అమ్మా, మా నాన్నగారు వడ్రంగి. నాకు ఉలి అబ్బలేదు, కొలతలు మాత్రం ఒంటబట్టాయి. అవే చెప్తాను.

అన్నిటికంటే ముందు ఆ గ్రిల్ సంగతి. ఇల్లు పాతదైతే, గ్రిల్ మీద పాత ఎనామిల్ రంగు పొరలు పొరలుగా ఉంటే, అందులో సీసం ఉండే వీలుంది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎంకి (పది లక్షల భాగాల్లో 90కి) మించకూడదని మన దేశంలో 2016లో నియమం తెచ్చారు. 2017 నవంబరు నుంచి అమలు. అంతకు ముందు వేసిన రంగుకి ఆ భరోసా లేదు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. పోనీ గీకేద్దాం అని పొడి ఇసుక కాగితం పట్టకండి, ఆ దుమ్ము మరీ చెడ్డది. పెచ్చులు రాలినచోట తడిగుడ్డతో తుడిచి, డబ్బా మీద సీసం సంగతి చదివి కొత్త ఎనామిల్ పైన వేయించండి. గ్రిల్‌కి రంగంటే ఏ ఓనరూ కాదనరు, వాళ్ల గ్రిల్లే కదా. బాబు అప్పటికే బాగా కొరికి ఉంటే డాక్టరుతో ఒక మాట అనండి, రక్త పరీక్ష ఉంది.

రెండోది, కూర్చునే బెంచీ. అందరూ కిటికీ కిందే వేస్తారు, ఎండా కొండా అని. మీరు వేయకండి. రెండేళ్లవాడికి బెంచీ అంటే మెట్టు. రెండో అంతస్తులో కిటికీ కిందా, బాల్కనీ పిట్టగోడ పక్కనా ఎక్కడానికి వీలైనది ఏదీ ఉండకూడదు. గ్రిల్ ఉందిగా అనకండి, పాత గ్రిల్ సందుల్లోంచి పిల్లాడి తల ఎంతవరకు పడుతుందో చూశారా? బెంచీ దక్షిణం గోడ వైపు వేయండి, వేసవి పొద్దుల్లో ఎండ అక్కడికీ వస్తుంది.

బెంచీ ఎత్తు 17 అంగుళాలు, లోతు 15 చాలు. బల్ల 29 అంగుళాలు. కూర్చునే చోటికీ బల్ల పైకీ మధ్య పన్నెండు అంగుళాలుంటే మోకాలు తగలదు, భుజం లేవదు. పాపకి కాళ్లు వేలాడతాయి కాబట్టి కింద ఒక పీట తోయండి. కాలు ఆనిందంటే పిల్లలు ఇంకో పది నిమిషాలు కుదురుగా తింటారు, మా ఇంట్లో చూసిన మాటే. వంటింటి తలుపు నుంచి బాల్కనీ దాకా రెండున్నర అడుగులు ఖాళీ వదలాలి, వేడి గిన్నెతో నడిచేది మీరే.

మూతపెట్టెలో బొమ్మలు వేసి దాని మీదే కూర్చుందామని కొందరు చెప్తారు. ట్రంకు పెట్టె మూత వేళ్ల మీద పడితే ఎలా ఉంటుందో నా ఎడమచేతి చూపుడు వేలుని అడగండి. కింద ఖాళీగా ఉండే బెంచీ తీసుకుని, ఆ ఖాళీలోకి బుట్టలు తోసేయండి. ఎత్తు బీరువాలు, నిచ్చెన షెల్ఫులు వద్దు. గోడకి స్క్రూ బిగించలేనప్పుడు మీ నడుము కంటే ఎత్తున్నదేదీ పిల్లల గదిలో పెట్టకూడదు. లాగితే మీద పడుతుంది. చెమ్మగోడకి ఏ సామానైనా నాలుగు వేళ్లు ఎడంగా ఉండాలి. రబ్బరు ఫోమ్ చాపలు వేస్తే వారానికోసారి లేపి ఆరబెట్టండి, కింద నల్ల బూజు పడుతుంది. మన వానల్లో ఈతాకు చాపే మేలు, దులిపి ఎండలో వేస్తే అయిపోతుంది.

గుణుపురం మాస్టారు:

సవర బొమ్మల గురించి. గుణుపురం చుట్టుపక్కల ఊళ్లలో ముప్పై ఏళ్లు బడిపంతులుగా చేశాను, అందుకే రాస్తున్నాను. ఇడితాల్ అని వాళ్లు పిలిచేది గోడ అలంకారం కాదమ్మా. ఇంట్లో ఒంట్లో బాగోకపోయినా, పంట చేతికొచ్చినా, పెద్దల్ని తలచుకోవాల్సి వచ్చినా, ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో, వెదురు పుల్ల కొసతో గీస్తారు. చుట్టూ గీసే ఆ అంచు ఒక ఇల్లు. అందులోకి దేవతనో చనిపోయిన పెద్దనో పిలిచి ఉండమంటారు. పైగా ఈ మధ్య మనవాళ్లు వేసేవి సగం వార్లీ బొమ్మలే, రెండు త్రికోణాలు కొసకి కొస ఆనించినట్టు. అది మహారాష్ట్రది. సవర మనుషులు పొడుగ్గా ఉంటారు, నడుము అంత సన్నగా నొక్కినట్టు ఉండదు.

గీయొద్దనడం లేదు. మీ అద్దె గోడ మీద, టిఫిన్ జిడ్డు పక్కన వద్దంటున్నాను. గుడ్డ మీద గీసి అమ్మే సవర చిత్రకారులు ఉన్నారు, వాళ్ల దగ్గర ఒకటి కొనండి. ఇల్లు మారితే చుట్టి పట్టుకుపోవచ్చు. ఇక పాపకి ఒక గోధుమరంగు అట్ట, తెల్ల రంగు ఇచ్చి వాళ్ల నాయనమ్మనీ, కిటికీలోని కొండనీ గీయమనండి. అది పాప బొమ్మ, ఎవరి దగ్గరా తీసుకున్నది కాదు.

సంతబుట్ట:

ఇంత చర్చ అయ్యింది. పొట్టి బల్ల అంటున్నారు, ఎత్తు బల్ల అంటున్నారు. మీ అత్తగారిని ఒక్కరైనా అడిగారా?

రాయగడ కోడలు:

మూడు వారాలైంది, క్షమించండి. అందరికీ థాంక్స్. జరిగింది చెప్తాను.

సంతబుట్ట గారి మాట చదివి సిగ్గేసింది. ఆ సాయంత్రమే అడిగాను, "అత్తయ్యా, పొట్టి బల్ల చేయిద్దామా, మీకు పీట మీద వీలుగా ఉంటుంది" అని. ఆవిడ చోడి అంబలి గ్లాసు కింద పెట్టి, "నాకు మోకాళ్లు రెండేళ్లుగా నెప్పే. కుర్చీలు మూడే ఉన్నాయని పీట వేసుకున్నాను. నాలుగోది కొంటే నాకెందుకు పీట?" అన్నారు. రెండేళ్లు! నేనేమో ఆవిడ అలవాటు అనుకుని దాని చుట్టూ గది కట్టేస్తున్నాను.

కాబట్టి పొట్టి బల్ల ఆలోచన మానేశాం. పాత సామాన్ల దుకాణంలో బడి బెంచీ ఒకటి పద్దెనిమిది వందలకి దొరికింది, నాలుగున్నర అడుగులు, కింద ఖాళీ. ఎత్తు మాస్టారుగారి... కాదు, చెక్కపని గారి లెక్కకి ఒక అంగుళం తక్కువ, సన్న బొంత పరిచాం. దక్షిణం గోడకే వేశాం. అత్తయ్యకి చేతులున్న కుర్చీ, ఏడు వందల యాభై. మడత బల్ల మా దగ్గర ఉన్నదే. టిఫిన్ అయ్యాక మడిచి వంటింటి తలుపు వెనక పెడతాం, ఈతాకు చాప పరుస్తాం. అసలు గొడవకి మందు ఆ చాపే. చాప మీదకి తిండి రాదు, బల్ల మీదకి బొమ్మ రాదు. పాపే పోలీసు. వాళ్ల నాన్న చాప మీద టీ కప్పుతో నిలబడితే లేపి మరీ పంపించింది.

బెంచీ కిందకి మూడు వెదురు బుట్టలు. మావారు బుధవారం పని మీద చాటికోన వెళ్లినప్పుడు సంతలో కొనుక్కొచ్చారు. నియమగిరి కొండల మీంచి డొంగరియా (అక్కడి కోందు గిరిజనులు) వాళ్లు దిగి వస్తారే, ఆ సంత. బుట్ట అంచుల్లో చువ్వలు గుచ్చుకుంటున్నాయని నా పాత చీర చించి అల్లికలా చుట్టాను. రెండు రోజులకి ఒక బుట్ట కింద పసుపు పొడి రాలింది, పుచ్చు. ఎండలో పడేశాను, తగ్గినట్టే ఉంది. ఎవరికైనా గట్టి ఉపాయం తెలిస్తే చెప్పండి.

గ్రిల్ సంగతి ఓనరమ్మతో చెప్పడానికి భయపడుతూ వెళ్లాను. మావుసీ (పిన్నీ) అని మొదలుపెట్టి సీసం మాట అనగానే, ఆవిడ మనవడు కూడా కింద అదే గ్రిల్ పట్టుకుని వేలాడుతున్నాడని గుర్తొచ్చి, రెండు అంతస్తులకీ రంగు తనే వేయించింది. బాబు రక్త పరీక్ష మామూలుగానే వచ్చింది. సింకు మాత్రం ఇంకా కారుతోంది.

సవర గుడ్డ ఇంకా కొనలేదు, వచ్చే నెల జీతానికి. ప్రస్తుతం తాడు మీద వేలాడుతున్నది పాప గీసిన అట్ట. కొండ ఉంది, కుర్చీలో నాయనమ్మ ఉంది. కొండ కంటే కుర్చీ పెద్దది. పీట ఖాళీ అయిందని బాబు దాన్ని లారీ చేసుకున్నాడు, గదంతా తోసుకు తిరుగుతున్నాడు. కింద ఇంటివాళ్లు ఎప్పుడు పైకి వస్తారో చూడాలి.