ఫాంటసీ బేస్‌బాల్ డ్రాఫ్ట్: జట్టు సగటును ఎలా లెక్కించాలి?

ప్రశ్న:
మా 12 జట్ల రోటిసరీ లీగ్ (ఒక్కో గణాంకంలో జట్లకు ర్యాంకు ఇచ్చే ఫాంటసీ పోటీ) డ్రాఫ్ట్, అంటే ఆటగాళ్ల ఎంపిక, సాగుతుండగానే, నేను ఎంచుకున్న ఆటగాళ్ల అంచనా గణాంకాలను స్ప్రెడ్‌షీట్‌లో కూడుతున్నాను. హోమ్ రన్లు, స్టోలెన్ బేస్‌లు సరిగానే వస్తున్నాయి. బ్యాటింగ్ సగటు (హిట్లను అట్-బ్యాట్లతో, అంటే లెక్కకు వచ్చే బ్యాటింగ్ అవకాశాలతో, భాగిస్తే వచ్చేది) కోసం ఆటగాళ్ల సగటులన్నీ కూడి, వారి సంఖ్యతో భాగించడం సరైనదేనా?

మొదటి జవాబు:
కాదండీ, సగటులకు సగటు తీయకూడదు. 600 అట్-బ్యాట్లలో .250 సాధించే ఆటగాడికి 150 హిట్లు, 200 అట్-బ్యాట్లలో .300 సాధించే ఆటగాడికి 60 హిట్లు ఉంటాయి కనుక, ఇద్దరికీ కలిపి 800కు 210, అంటే దాదాపు .263 వస్తుందే తప్ప, మీ పద్ధతి చూపే .275 రాదు. హిట్లనూ అట్-బ్యాట్లనూ వేర్వేరు గడుల్లో కూడి, చివరనే భాగించండి.

రెండో జవాబు:
పిచర్ల విషయంలోనూ ఇంతే. మొత్తం ఎర్న్‌డ్ రన్లను (ఫీల్డింగ్ పొరపాట్ల వల్ల కాక పిచర్ ఖాతాలో పడే రన్లు) 9తో గుణించి, మొత్తం ఇన్నింగ్స్‌తో భాగిస్తేనే జట్టు ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చే ఎర్న్‌డ్ రన్ల సగటు) తెలుస్తుంది. చాలామంది గమనించని చిక్కు ఒకటుంది: 180.1 ఇన్నింగ్స్ అంటే 180 ఇన్నింగ్స్, మరొక ఇన్నింగ్‌లో మూడో వంతు అని అర్థం. స్ప్రెడ్‌షీట్ దాన్ని దశాంశంగా చదువుతుంది కాబట్టి, ముందే 180.33గా మార్చుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నా ఇన్నింగ్స్ గడిలోనూ అదే పొరపాటు కనిపించింది, ఇప్పుడే సరిదిద్దుతున్నాను.