కాల్‌లో ఓకే అంటారు, మెయిల్‌కి జవాబివ్వరు: రాతలో ఆమోదం తీసుకోవడం ఎలా?

హైదరాబాద్ నుంచి చికాగో క్లయింట్‌కి పనిచేస్తున్నాం. రోజూ సాయంత్రం 7 గంటలకు కాల్, ఇప్పుడు వేసవి కాబట్టి వాళ్లకి ఉదయం 8:30. మార్పులన్నిటికీ అక్కడి మేనేజర్ నోటిమాటగా ఓకే అంటారు. తీరా డెలివరీ అయ్యాక "నేను ఒప్పుకోలేదే" అంటారు. చేసిన పనే మళ్లీ చేయాలి, టీమ్ మొత్తానికి టెన్షన్.

కాల్ అయిన అరగంటలోపే మినిట్స్ (కాల్‌లో అనుకున్నవాటి నోట్) మెయిల్‌లో పంపుతున్నాను. సబ్జెక్ట్‌లోనే "మీ ఆమోదం కావాలి" అని పెట్టి, మెయిల్‌ని ఐదు లైన్లకు కుదించాను. జవాబు రాదు. "రేపటిలోగా బదులు రాకపోతే ఒప్పుకున్నట్టే అనుకుంటాం" అని రాస్తే, మరీ కటువుగా ఉందని మా లీడ్ పంపనివ్వలేదు. రికార్డింగ్‌కి వాళ్లు ఒప్పుకోరు.

ఆ మేనేజర్‌ని నొప్పించకుండా, కాల్ ముగిసేలోపే చాట్‌లోనో మెయిల్‌లోనో ఓకే రాయించుకోవడానికి మీరైతే ఏమని అడుగుతారు?