జిన్నింగ్ మిల్లు కార్మికులపై థీసిస్: వేరియబుళ్లను ఎలా నిర్వచించాలి?

ప్రశ్న: గౌరవ సభ్యులకు నమస్కారం. నేను వరంగల్‌లో కమ్యూనిటీ మెడిసిన్ పీజీ చేస్తున్నాను. పత్తి జిన్నింగ్ (గింజల నుంచి దూదిని వేరుచేసే) మిల్లు కార్మికుల ఊపిరితిత్తుల పనితీరు మీద నా థీసిస్. "స్వతంత్ర చలరాశి (వేరియబుల్): పత్తి దుమ్ము, ఆధారిత చలరాశి: ఊపిరితిత్తుల ఆరోగ్యం" అని రాసి ఇస్తే, నిర్వచనాలు ఏవని గైడ్ గారు తిప్పి పంపారు. వయసు, ఎత్తు, ఆయాసం, పొగ అలవాటు ఏ కోవలోకి వస్తాయో కూడా దయచేసి వివరించగలరు.

జవాబు: అమ్మా, మీ గైడ్ గారు తిప్పి పంపడం న్యాయమే. "ఊపిరితిత్తుల ఆరోగ్యం" ఒక భావన మాత్రమే. దాన్ని ఏ పరికరంతో, ఏ పూట, ఏ ప్రమాణంలో కొలుస్తారో రాసినప్పుడే అది వేరియబుల్ అవుతుంది. స్పైరోమెట్రీలో (గొట్టంలోకి ఊదించి ఊపిరిని కొలిచే పరీక్షలో) వచ్చే ఎఫ్‌ఈవీ1ను, అంటే బలంగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికి వచ్చే గాలిని, లీటర్లలో తీసుకుంటే అది అవిచ్ఛిన్న వేరియబుల్, అంటే దశాంశాలతో సహా ఏ అంకె అయినా రావచ్చు. బ్రాంకోడైలేటర్ (శ్వాసనాళాలను వదులు చేసే మందు) పీల్పించిన తరువాత ఎఫ్‌ఈవీ1కూ, ఎఫ్‌వీసీకీ (బలంగా ఊదినప్పుడు బయటికి వచ్చే మొత్తం గాలికీ) నిష్పత్తి 0.70 కంటే తగ్గితే శ్వాసనాళాల్లో అవరోధం ఉన్నట్టని గోల్డ్ (సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుపై అంతర్జాతీయ నిపుణుల సంస్థ) మార్గదర్శకాలు చెబుతాయి కనుక, ఆ గీత గీసి "ఉంది, లేదు" అని విడదీస్తే అదే కొలత ద్విభాజక వేరియబుల్‌గా మారుతుంది. అయితే అప్పుడు 0.69 వచ్చిన మనిషీ 0.45 వచ్చిన మనిషీ ఒకే గడిలో కూర్చుంటారు. అందుకే అసలు అంకెను నమోదు చేసుకుని, విభజనను విశ్లేషణ సమయానికి వదిలేయడం మంచిదని నా అభిప్రాయం.

ఇక పత్తి దుమ్ము. దుమ్మును కొలిచే యంత్రం మీ వద్ద లేకపోతే పని చేసిన కాలాన్నే ఆధారం చేసుకోవాలి, కానీ అక్కడే పొరపాటు జరుగుతుంది. "పదేండ్ల సంది చేస్తున్న" అని కార్మికుడు చెబితే మీరు 10 అని రాసుకుంటారు. మన దగ్గర జిన్నింగ్ దసరా దాటాక ఊపందుకుని ఎండలు ముదిరేసరికి తగ్గిపోతుంది. ఏడాదికి అయిదు నెలల చొప్పున చూస్తే ఆ పదేళ్లు 50 నెలలే. కనుక సీజన్లు ఎన్ని, సీజన్‌కు నెలలు ఎన్ని, పని యంత్రం దగ్గరా బేళ్ల దగ్గరా అని విడివిడిగా అడగండి. చివరిది నామమాత్ర వేరియబుల్, దానిలో ఎక్కువ తక్కువలు లేవు.

ఆయాసాన్ని ఎంఎంఆర్‌సీ స్కేలుతో (ఆయాసం తీవ్రతను మెట్లుగా చూపే ప్రశ్నావళితో) 0 నుంచి 4 వరకు గుర్తిస్తే అది క్రమసూచక వేరియబుల్, అంటే మెట్లకు వరుస ఉంటుంది. 1కీ 2కీ మధ్య ఉన్న దూరం, 3కీ 4కీ మధ్య ఉన్న దూరం సమానమని ఎవరూ చెప్పలేరు; సాఫ్ట్‌వేర్ మాత్రం సిగ్గుపడకుండా సగటు తీసిపెడుతుంది. ఇంకొక మాట, "దమ్ము ఉందా?" అని అడగకండి. మనవాళ్లు ఆయాసాన్నీ ఆస్తమానూ రెంటినీ దమ్మే అంటారు.

వయసు, ఎత్తు, లింగం కన్‌ఫౌండర్లు, అంటే దుమ్ము ప్రభావంతో కలగలిసి లెక్కను తప్పుదారి పట్టించగల అంశాలు. ఎఫ్‌ఈవీ1ను లీటర్లలో ఉంచితే వాటిని గణాంక మోడల్‌లో చేర్చాలి. అదే వయసు, ఎత్తు, లింగం గల ఆరోగ్యవంతులకు ఉండవలసిన విలువలో శాతంగా మార్చితే ఆ లెక్కలోనే అవి వచ్చేస్తాయి, ఏ సమీకరణం వాడారో రాస్తే చాలు.

ప్రశ్న: ధన్యవాదాలు సార్. పొగ అలవాటుకు "అవును, కాదు" అని రెండు గడులు సరిపోతాయా?

జవాబు: సరిపోవు. నేను ఒకప్పుడు అలాగే ఫారం వేయించి దెబ్బతిన్నాను. ఒక పెద్దాయన దగ్గుతూనే "బంద్ జేసిన సార్" అన్నాడు, నేను "కాదు" గడిలో టిక్ పెట్టాను. మానేసి రెండు నెలలే అయిందని తరువాత తెలిసింది. అలాంటివారు ఎందరో ఆ గడిలో చేరేసరికి, పొగ తాగనివారి ఊపిరితిత్తులే బలహీనంగా ఉన్నట్టు పట్టిక తేలింది. ఎన్నడూ తాగనివారు, మానేసినవారు, ఇప్పుడు తాగుతున్నవారు అని మూడు గడులు పెట్టండి. మానేసి ఎంతకాలమైందో పక్కనే రాయండి. పరిమాణానికి స్మోకింగ్ ఇండెక్స్ (రోజుకు తాగే సంఖ్యను ఏళ్లతో గుణించినది) వాడవచ్చు: రోజుకు 20 బీడీల చొప్పున 15 ఏళ్లు తాగితే 300. "రోజుకో కట్ట" అంటే జేబులోని కట్ట తీయించి అందులో ఎన్ని పడతాయో అడగండి.

మరచిపోయాను, పరీక్ష చేసే రోజు కూడా నిర్వచనంలో భాగమే. పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్‌లో ఛాతీ బిగపట్టడం సెలవు తరువాత పనికి వచ్చిన మొదటి రోజున ఎక్కువ.

ప్రశ్న అడిగినవారు: మేము వెళ్లే మిల్లుకు ఆదివారం సెలవు సార్. అందరికీ సోమవారమే షిఫ్టుకు ముందొకసారి, తరువాత ఒకసారి ఊదించి, రెండు అంకెలకూ రెండు గడులు చేరుస్తాను.