థర్మోఎలక్ట్రిక్ పదార్థాలు: కంప్యూటర్ లిస్టును నమ్మి ఫర్నేస్ వెలిగించొచ్చా?

లెక్కలరాయుడు: ఒకవైపు వేడి, మరోవైపు చల్లదనం ఉంటే కరెంటు పుట్టించే పదార్థాలివి. వీటిలో కరెంటు హైవే మీద కారులా పోవాలి, వేడి గతుకుల రోడ్డు మీద ఎడ్లబండిలా నడవాలి. ఈ రెండూ ఒకచోట దొరకడం అరుదు. వీటికిచ్చే మార్కు జెడ్‌టీ, ఎంత ఎక్కువైతే అంత మంచిది. 1950ల నుంచి వాడుతున్న బిస్మత్ టెల్లురైడ్‌కి మామూలు వేడిలో ఇప్పటికీ 1 చుట్టూనే వస్తుంది. వేల కాంపౌండ్లు కాల్చి చూసే బదులు కంప్యూటర్‌తో వడపోస్తే తప్పేంటి? మా సారేమో ఈ కంప్యూటర్ లిస్టులను జాతకాలంటారు.

కొలిమి: మీ సారు అన్నది అబద్ధం కాదు తమ్ముడూ. 2006లో మ్యాడ్సెన్ అనే ఆయన యాంటిమనీ కాంపౌండ్లను కంప్యూటర్‌తో జల్లెడ పట్టి, లిథియం జింక్ యాంటిమొనైడ్‌ను పైకి తేల్చాడు. ఎన్-టైపుగా, అంటే కరెంటును ఎలక్ట్రాన్లు మోసేలా చేస్తే 600 కెల్విన్ దగ్గర జెడ్‌టీ 2 దాకా వస్తుందన్నాడు. 2009లో తయారుచేసి కొలిస్తే 0.1 కూడా లేదు.

సీబెక్_సుబ్బి: అన్నా, వాళ్లు కొలిచింది పీ-టైపును, అంటే కరెంటును పాజిటివ్ చార్జీలు మోసే రకాన్ని. ఎన్-టైపు అసలు తయారే కాలేదు. పెళ్లే జరగనప్పుడు జాతకం తప్పిందని ఎలా అంటారు? ఆ పదార్థం ఎన్-టైపు డోపింగ్‌కి (అందుకోసం చిటికెడు వేరే మూలకం కలపడానికి) లొంగుతుందా అని అప్పటి లెక్కలో అడగలేదు, అంతే. ఇప్పుడు అడుగుతున్నారు. స్ఫటికంలో ఒక పరమాణువు చోటు ఖాళీ కావడానికి ఎంత శక్తి పడుతుందో లెక్కగడితే, మనమిచ్చే ఎలక్ట్రాన్లను ఆ ఖాళీలు మింగేస్తాయో లేదో ముందే తెలుస్తుంది. పొటాషియం, అల్యూమినియం, యాంటిమనీ కలిసిన ఒక కాంపౌండ్‌ను 2017లో ఇలాగే పట్టుకున్నారు. బేరియం కలిపితే చెప్పినట్టే ఎన్-టైపు అయింది. జెడ్‌టీ 0.7.

కొలిమి: 0.7కే పండగా! సరే, మాట నిలబడిందని ఒప్పుకుంటా. కానీ మెగ్నీషియం యాంటిమొనైడ్ సంగతి చూడు. పీ-టైపే అని ఏళ్ల తరబడి పక్కన పెట్టారు. 2016లో జపాన్‌లో టమాకీ బృందం మెగ్నీషియం కాస్త ఎక్కువేసి, బిస్మత్, చిటికెడు టెల్లూరియం కలిపితే ఎన్-టైపులో 1.5 వచ్చింది. కిటుకంతా తూకంలో ఉంది.

సీబెక్_సుబ్బి: ఆ తూకం ఎందుకు పనిచేసిందో చెప్పేది కూడా లెక్కే కదన్నా. మెగ్నీషియం ఎక్కువుంటే ఖాళీలు తగ్గుతాయి.

కొలిమి: కాగితం మీద తగ్గుతాయి. ఫర్నేస్‌లో అది ఆవిరైపోతుంటే పట్టుకునేది ఎవరు? పోయిన నెల ఒక లిస్టులో మూడో పేరు తీసుకుని మూడు వారాలు కూర్చున్నాను. ప్రెస్‌లోంచి తీసినప్పుడు పెల్లెట్ గుండ్రంగా, అద్దంలా మెరుస్తోంది. రెండో రోజు డబ్బా తెరిస్తే బూడిద రంగు పొడి! తేమ తగిలిందన్నమాట. సీబెక్ (వేడి తేడాకి ఎంత వోల్టేజీ పుడుతుందో) కొలవడానికి ముక్క కూడా మిగల్లేదు. ఆ లిస్టులో తేమ అనే గడే లేదు.

లెక్కలరాయుడు: డోపింగ్, ఆవిరి, తేమ అన్నీ వడకట్టి పది పేర్లిస్తే చేస్తారా అన్నా?

కొలిమి: ఐదు పంపు. టెల్లూరియం ఉన్నవి మాత్రం వద్దు. పోయినసారి దాంతో పనిచేస్తే వారం రోజులు నోరంతా వెల్లుల్లి కంపు, మీ వదిన దగ్గరికి రానివ్వలేదు.