రైఫిల్ సైట్ గుండీ ఎల్ వైపు తిప్పితే షాట్లు ఇంకా కుడికే పోతున్నాయేంటి?

హనుమకొండ నాన్న:
మా అమ్మాయిది ఎనిమిదో తరగతి. మూడు నెలలుగా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. క్లబ్బువాళ్లు పాత జర్మన్ రైఫిల్ ఇచ్చారు. నిన్న కోచ్ రాలేదు. షాట్లన్నీ ఒకేచోట పడుతున్నాయి కానీ కుడివైపు, ఎనిమిదో రింగులో (టార్గెట్ మధ్యది పది). వెనక సైట్ (కంటి దగ్గర గురి చూసే భాగం) గుండీ మీద ఎల్, ఆర్ అని ఉంది. ఎడమకి రావాలి కదా అని నేనే ఎల్ వైపు పది క్లిక్కులు తిప్పాను. ఏడులోకి పోయింది. ఇంకో పది తిప్పితే ఆరు! పిల్ల నావైపు చూసిన చూపు చెప్పలేను.
పై గుండీ మీద హెచ్, టీ అని ఉన్నాయి. టీ అంటే టాపా? మా బావమరిదేమో "ఈ తిప్పలెందుకు బావా, స్కోప్ పెట్టించు" అని, పైన బిగించే దుర్బిణి, 4-12×40 ఒకటి చూపించాడు. కొనమంటారా?

పాత కేడెట్:
వెనక సైట్ ఎటు జరిగితే షాట్ అటే జరుగుతుంది, ఇదొక్కటే సూత్రం. మేం ఎన్‌సీసీలో పాయింట్ టూ టూ రైఫిల్ కాల్చేటప్పుడు హవల్దార్ గారు "శిస్త్, శిస్త్" (గురి, గురి) అని అరిచేవారు. సైట్ ముట్టుకుంటే మాత్రం తాట తీసేవారు.

లేన్ 14:
సూత్రం కరెక్టే సార్, ఇక్కడ తంటా అక్షరాలతో. టీ అంటే టాప్ కాదు, జర్మన్‌లో "టీఫ్", అంటే కింద. హెచ్ అంటే "హోఖ్", పైన. ఆ అక్షరం షాట్ ఎటు పడిందో చెప్తుంది, ఎటు పోవాలో కాదు. కుడికి పడితే ఆర్ వైపే తిప్పాలి. మొదట్లో నేనూ ఇలాగే ఒక డబ్బా పెల్లెట్లు తగలేశాను. మామూలు స్కోపుల మీద అప్ అని ఉంటే షాట్ పైకి వెళ్తుందని అర్థం, అందుకే అందరూ తికమకపడతారు.
మీ లెక్కలోనే పది క్లిక్కులకి ఒక రింగు, అంటే రెండున్నర మిల్లీమీటర్లు. ఆర్ వైపు 20 తిప్పితే మొదలుపెట్టిన చోటికొస్తారు, ఇంకో 20 తిప్పితే మధ్యకి. ఒక్క షాట్ చూసి తిప్పకండి, ఐదు కాల్చనివ్వండి.
స్కోప్ వద్దు. 10 మీటర్ల రైఫిల్ పోటీలో దాన్ని అనుమతించరు. 4-12 అంటే నాలుగు నుంచి పన్నెండు రెట్లు పెద్దగా చూపిస్తుందని, 40 అంటే ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. అలాంటివి చాలావరకు 100 గజాలకి సెట్ చేసినవి, పది మీటర్లలో మసగ్గా కనిపిస్తాయి.
స్కోప్ సంగతి తర్వాత, మొదట గొట్టం చివరనున్న ముందు సైట్‌లో పెట్టే రింగు చూడండి. దాంట్లోంచి చూస్తే టార్గెట్ మీది నల్ల గుండ్రం చుట్టూ తెల్లటి అంచు అన్నివైపులా సమానంగా కనపడాలి. పిల్లలు మరీ బిగుతు రింగు పెట్టుకుంటారు, అంచు సన్నబడి కాస్త కదిలినా కంగారుపడి ట్రిగ్గర్ లాగేస్తారు. వెనక పీప్‌లో (కన్ను పెట్టి చూసే చిన్న రంధ్రం) ఒక పక్క నల్లటి నెలవంకలా కనిపిస్తే సైట్ తప్పు కాదు, రైఫిల్ మీద చెంప సరిగా ఆనలేదని.

హనుమకొండ నాన్న:
ఆర్ వైపు 40 తిప్పాం. మొదటి ఐదు షాట్లలో మూడు పదిలో పడ్డాయి! అమ్మాయి ఇక నన్ను గుండీ ముట్టుకోవద్దంది. ముందు సైట్ రింగు మీద 3.4 అని ఉంది, ఇంకాస్త పెద్దది, 4.0 అడగమంటారా?

లేన్ 14:
అడగండి. కోచ్ వచ్చాక రెండూ మార్చి మార్చి కాల్చి చూడమనండి.