యాష్ పాండ్‌లోని బూడిదను మామూలు మట్టితో సమానంగా చూడవచ్చునా?

ప్రశ్న:
నమస్కారం. నేను ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో యాష్ హ్యాండ్లింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. పొగలోని బూడిదను విద్యుత్ బలంతో పట్టే ఈఎస్పీ యంత్రం హాపర్ల నుంచి నిల్వ సైలోకు చేరే పొడి ఫ్లై ఆష్ (పొగతో పైకి పోయే సన్నని బూడిద) కోసం సిమెంటు కర్మాగారాల బల్కర్లు (ట్యాంకర్ లారీలు) బారులు తీరి ఉంటాయి. అదే బూడిదను నీటితో కలిపి స్లర్రీగా పాండ్‌కు (బూడిదను నిల్వచేసే చెరువుకు) పంపిన తరువాత మాత్రం, ఉచితంగా ఇస్తామన్నా తీసుకువెళ్లేవారు అరుదు. బొగ్గు ఒకటే, బాయిలరు ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు వస్తున్నది? రెండవ సందేహం: మా పాండ్ అడుగున లైనర్ (నీరు ఇంకకుండా ఆపే పొర) లేదు. అయినా బూడిద అంటే కాలిన మట్టేననీ, దానితో భూగర్భజలాలకు ముప్పు లేదనీ మా పై అధికారి ఒకరు చెబుతుంటారు. ఈ మాట ఎంతవరకు నిజమో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (కాంక్రీటు పరిశోధన):
మీ మొదటి ప్రశ్నకు నేను సమాధానం చెప్పగలను. బొగ్గులో కలిసి ఉండే బంకమట్టి ఖనిజాలు కొలిమిలోని తీవ్రమైన వేడికి కరిగి, పొగతో పాటు పైకి పోతూ చప్పున చల్లారడం వలన గాజు స్వభావం గల గుండ్రని రేణువులుగా మారతాయి. వాటిలో ఎక్కువ భాగం 1 నుంచి 100 మైక్రాన్ల లోపు ఉంటుంది. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే పోతపోసిన గోళీల్లా నున్నగా కనిపిస్తాయి. ఫ్లై ఆష్‌కు ఉన్న విలువంతా ఆ గాజులోనే ఉంది. సిమెంటు నీటితో కలిసినప్పుడు బంధాన్నిచ్చే జెల్‌తో పాటు కాల్షియం హైడ్రాక్సైడ్ కూడా విడుదలవుతుంది. దానివలన బలం పెద్దగా రాదు. బూడిదలోని గాజు సిలికా దానితో నెమ్మదిగా చర్య జరిపి, మరికొంత జెల్‌ను తయారుచేస్తుంది. ఈ చర్య నిదానంగా సాగుతుంది కనుక 28 రోజుల పరీక్షలో బలం కొంత తక్కువగా కనిపించినా, 90 రోజులకు మామూలు కాంక్రీటును అందుకోవడం, కొన్నిసార్లు దాటిపోవడం జరుగుతుంది. వేడి తక్కువగా పుట్టడం మరొక లాభం. అమెరికాలోని మోంటానాలో 1953లో పూర్తయిన హంగ్రీ హార్స్ ఆనకట్టలో ఫ్లై ఆష్‌ను భారీగా వాడారు.

ఇక పాండ్ సంగతి. మొత్తం బూడిదలో సుమారు 80 శాతం ఫ్లై ఆష్, మిగిలినది కొలిమి అడుగున పడే ముతక బాటమ్ ఆష్. పాండ్‌లో ఈ రెండూ కలిసిపోతాయి. ముతక రేణువులు స్లర్రీ గొట్టం నోటి దగ్గరే దిగిపోతాయి, సన్నవి దూరంగా పోయి తేరుకుంటాయి. అందువలన ఈ మూల తవ్విన బూడిదకూ ఆ మూల తవ్విన దానికీ పొంతన ఉండదు. లిగ్నైట్ వంటి బొగ్గు నుంచి వచ్చే కాల్షియం ఎక్కువగా ఉన్న బూడిద అయితే నీరు తగలగానే కొంతవరకు గట్టిపడి, తన చర్యాశక్తిని అక్కడే ఖర్చుచేసుకుంటుంది. కాల్షియం తక్కువగా ఉన్న బూడిదకు ఈ నష్టం అంతగా లేదు కాబట్టి దానిని తవ్వి, ఆరబెట్టి, జల్లించి, అవసరమైతే మరపట్టి తిరిగి వాడవచ్చు. అయితే ఆరబెట్టడానికయ్యే ఇంధనం ఖర్చు, కాలకుండా మిగిలిన కార్బన్ శాతం రెండూ చూసుకోవాలి. అమెరికాకు చెందిన ఏఎస్‌టీఎం సీ618 ప్రమాణం ప్రకారం కాంక్రీటుకు వాడే ఫ్లై ఆష్‌లో జ్వలన నష్టం (బాగా కాల్చినప్పుడు తగ్గే బరువు, అంటే ముఖ్యంగా మిగిలిన కార్బన్) 6 శాతం మించకూడదు. కొనేవారు అన్నిటికంటే ముందు కోరుకునేది నాణ్యత నిలకడగా ఉండటమే. పాండ్ దానిని మొదటి రోజే పోగొడుతుంది.

జవాబు 2 (భూగర్భజల అధ్యయనం):
కాలిన మట్టి అన్న మాట సగమే నిజం. పరిమాణంలో చూస్తే బూడిదలో అధిక భాగం సిలికా, అల్యూమినా, ఐరన్ ఆక్సైడే. కానీ కార్బన్ కాలిపోయి బరువు తగ్గినప్పుడు, బొగ్గులో అణుమాత్రంగా ఉన్న మూలకాలు మిగిలిన బూడిదలో చిక్కబడతాయి. పైగా ఆర్సెనిక్, సెలీనియం వంటివి మంటలో ఆవిరై, పొగ చల్లబడేకొద్దీ రేణువుల పైపొరకు అంటుకుంటాయి. అత్యంత సన్నని రేణువులకు ఎక్కువగా అంటుకుంటాయి. గాజు లోపల బంధించి ఉంటే అవి అంత త్వరగా బయటపడేవి కావు. పైపొర మీద ఉన్నది కడిగితే పోతుంది, స్లర్రీలో మనం చేస్తున్నది ఆ కడగడమే.

క్షార గుణమున్న నీటిలో లోహాలు కదలవని మరొక వాదన వినిపిస్తుంది. సీసం, రాగి వంటి వాటికి అది చాలావరకు వర్తిస్తుంది గాని, ఆర్సెనిక్, సెలీనియం, మాలిబ్డినం, ఆరు సంయోజకత గల క్రోమియం క్షార నీటిలోనూ కరిగి ప్రయాణిస్తాయి. ఒకే పీహెచ్ దగ్గర చేసిన ఒక్క లీచింగ్ పరీక్షను (బూడిదను నీటిలో నానబెట్టి ఏవి కరుగుతాయో చూసే పరీక్షను) చూపించి భయం లేదని తేల్చడం సరికాదని నేను గట్టిగా నమ్ముతాను. నార్త్ కరోలినాలోని బెలూస్ సరస్సులోకి 1970లలో బూడిద పాండ్ నీరు చేరినప్పుడు, సెలీనియం ఆహారపు గొలుసులో పోగుపడి, అక్కడి 20 రకాల చేపలలో 19 రకాలు అంతరించాయి. మీరు ముందుగా పాండ్‌కు ఎగువన, దిగువన ఉన్న పరిశీలన బావులలో బోరాన్, సల్ఫేట్ కొలిపించండి. బోరాన్ దాదాపు నీటి వేగంతోనే కదులుతుంది కనుక కలుషితం వస్తున్నదని అన్నిటికంటే ముందు తెలిపేది అదే.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరొక విషయం కూడా అడగాలి. మా పాండ్ కట్ట బయటి వైపు అడుగున ఒకచోట నడివేసవిలో సైతం గడ్డి పచ్చగా ఉంటుంది. అడుగు వేస్తే మట్టి మెత్తగా దిగుతుంది. కట్టను రెండుసార్లు పైకి లేపారు. దీనిని పట్టించుకోవాలా?

జవాబు 3 (కట్టల భద్రత):
తప్పక పట్టించుకోవాలి, వాయిదా వేయవద్దు. పాండ్ నిండినప్పుడల్లా లోపల తేరుకున్న బూడిద మీదనే కొత్త కట్ట పోసి ఎత్తు పెంచే పద్ధతిలో, పై బరువును మోసేది వదులుగా నీరు తాగిన సన్నని బూడిద. రేణువుల మధ్య నీటి ఒత్తిడి ఒక హద్దు దాటితే అది గట్టితనం కోల్పోయి ద్రవంలా పారుతుంది. టెన్నెసీలోని కింగ్‌స్టన్‌లో 2008 డిసెంబరు 22న, అర్ధరాత్రి దాటిన తరువాత, సుమారు 41 లక్షల ఘనపు మీటర్ల తడి బూడిద ఇలాగే కట్ట తెంచుకుని దాదాపు 300 ఎకరాల మీదా, ఎమరీ నదిలోకీ వెళ్లింది. 2015లో అమెరికా పర్యావరణ సంస్థ బొగ్గు బూడిదకు జాతీయ నిబంధనలు తేవడానికి ఈ ప్రమాదమే ప్రధాన కారణం.

ఆ తడి అంచు వెంబడి మేకులు పాతి, అది విస్తరిస్తున్నదో లేదో గమనించండి. ఊట నీటిని గాజు సీసాలో పట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచండి. అడుగున బూడిద తేరుకుంటే కట్ట లోపల కోత మొదలైందని అర్థం, వెంటనే పాండ్‌లోకి స్లర్రీ ఆపించాలి. ఊటను బంకమట్టితో మూసివేయాలని కొందరు సలహా ఇస్తారు. దయచేసి అలా చేయవద్దు. నీరు బయటికి దారి లేక లోపల ఒత్తిడి పెరుగుతుంది. శ్రేణీకరించిన ఇసుక, కంకర పొరలు పరచి నీటిని పోనిస్తూ, రేణువులను మాత్రమే ఆపాలి. పిజోమీటర్లు (కట్ట లోపలి నీటి ఒత్తిడిని కొలిచే పరికరాలు) ఉంటే వాటి అంకెలను పాండ్ మట్టంతో కలిపి ఒకే పటం మీద గీయించండి.

జవాబు 2 (భూగర్భజల అధ్యయనం):
ఆ సీసాతో పాటు ప్రయోగశాలకు పంపడానికి మరొక సీసా కూడా నింపండి. ప్లాస్టిక్ సీసా అయితే మంచిది, ఎందుకంటే బోరోసిలికేట్ గాజు నుంచి బోరాన్ నీటిలోకి దిగి కొలతను చెడగొడుతుంది.