కోఠి మహిళా కళాశాల హాస్టల్‌లో అమ్మాయిని దింపడానికి వెళ్తున్నాం: ముందుగా ఏమేమి చూసుకోవాలి?

డిండి వాగు:

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. మా పెద్దమ్మాయికి దోస్త్ (డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం) ద్వారా హైదరాబాద్ కోఠిలోని మహిళా కళాశాలలో, అంటే ఇప్పుడు చాకలి ఐలమ్మ గారి పేరు పెట్టిన మహిళా విశ్వవిద్యాలయంలో, బీఎస్సీ సీటు వచ్చింది. ఇంటర్ వరకు పొద్దున బస్సెక్కి దేవరకొండకు పోయి, సాయంత్రానికి ఇల్లు చేరుతూ చదువుకున్న పిల్ల. ఇల్లు విడిచి ఉండడం ఇదే మొదటిసారి. మా ఇంట్లో డిగ్రీ కోసం పట్నం వెళ్తున్నది కూడా తనే మొదలు కాబట్టి, అడిగి తెలుసుకుందామంటే దగ్గరివాళ్లలో ఎవరూ లేరు.

కాగితాలు ఏమేమి సిద్ధం చేసుకోవాలో, సామాను ఎంత పట్టుకుపోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు. ఇంకొక సంగతి: ఆ కళాశాల భవనం రెండు వందల ఏళ్ల కిందటిదని ఎవరో చెప్పినప్పటి నుంచి, పైకప్పు పెచ్చులు ఊడి పిల్ల మీద పడతాయేమోనని వాళ్లమ్మకు బెంగ పట్టుకుంది. అక్కడ చదివినవారు ఈ విషయం కూడా వివరిస్తే మేలు చేసినవారవుతారు.

పానగల్లు:

అన్నా, ముందుగా మీ అమ్మాయికి అభినందనలు. మాది నల్లగొండ. నేను ఆ ప్రాంగణంలోనే చదివి, అక్కడి హాస్టల్‌లోనే ఉన్నాను కాబట్టి వదినగారి బెంగకు మొదట జవాబు చెబుతాను. మీరు విన్న ఆ పాత భవంతి ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. నిజాం దర్బారులో ఆంగ్లేయుల ప్రతినిధిగా ఉన్న కిర్క్‌పాట్రిక్ 1803లో దాని నిర్మాణం మొదలుపెట్టించాడు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో తిరుగుబాటుదారులు దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదనే. 1924లో మొదలైన మహిళా కళాశాల 1949లో ఈ ఆవరణలోకి వచ్చింది. భవంతి చాలాకాలం శిథిలావస్థలో ఉన్న మాట నిజమే గాని, తర్వాత వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ సహకారంతో మరమ్మతులు చేశారు. పైగా ఇప్పుడు పాఠాలు జరిగేది అందులో కాదు, అదే ఆవరణలోని ఇతర భవనాల్లో. వదినగారికి ఈ ముక్క గట్టిగా చెప్పండి.

మీరు చేరే రోజున ఎండ ముదరకముందే అక్కడికి చేరుకుని, ఆఫీసు కిటికీ దగ్గర నిలబడే ముందు అమ్మాయిని ఒకసారి ఆ పాత భవంతి ముందుకు తీసుకెళ్లండి. మెట్లకు రెండు పక్కలా సింహాల బొమ్మలు, వాటి వెనుక తల పూర్తిగా పైకెత్తితే తప్ప కొస కనిపించని స్తంభాలు ఉంటాయి. పల్లె నుంచి వచ్చిన పిల్లలకు ఆ ఎత్తు చూడగానే ‘ఇది మన చోటు కాదేమో’ అనే జంకు కలుగుతుంది. ఆ జంకు మొదటి రోజే పోవాలి. పాలకుర్తి ఐలమ్మ పోరాడిన రోజుల్లో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనే ఉండేదని, అంటే ఆ విశ్వవిద్యాలయం పేరులో ఉన్నది మన జిల్లా మనిషేనని మీ అమ్మాయికి చెప్పండి. ఈ మాటను నేను ఊరికే అలంకారానికి చెప్పడం లేదు.

సామాను సంగతికి వస్తే, పెద్ద సందుగ కొనేముందు మంచం కింద పట్టే ఎత్తు ఎంతో ఆలోచించండి. హాస్టల్ గదుల్లో పెట్టె ఉండేది మంచం కిందనే. ఎత్తైన పెట్టె నడిచే దారిలో మిగిలిపోయి, గదిలో ఉన్న అందరి కాళ్లకూ తగులుతుంది. పెట్టె మూత మీద పేరు, ఊరు రంగుతో రాయించండి, తాళాలు రెండు జతలు కొనండి. పరుపు మోసుకుపోవద్దు, ఇంటి బొంత, రెండు చెద్దర్లు, దోమతెర చాలు. బకెట్, మగ్గు, చీపురు వంటివి కోఠి, సుల్తాన్‌బజార్‌లలో అడుగడుగునా దొరుకుతాయి. చేరేది వానాకాలంలో కాబట్టి తొక్కు, పల్లిపొడి చిన్న సీసాల్లో సర్దండి. పెద్ద జాడీలో పెడితే తడి చెంచా ఒక్కసారి తగిలినా బూజు పడుతుంది.

మన్యంకొండ:

నేను పాలమూరు జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో అధ్యాపకుడిని. ప్రవేశాల పని ఏటా చూస్తుంటాను. సామానులో ఒకటి మరిచిపోయినా బజారులో దొరుకుతుంది గాని, కాగితంలో ఒక అక్షరం తేడా ఉంటే ఆ ఏడాదంతా తిరగవలసి వస్తుంది.

మొదట గమనించవలసింది, దోస్త్‌లో ఆన్‌లైన్ సెల్ఫ్ రిపోర్టింగ్ (వచ్చిన సీటును మనమే ఆన్‌లైన్‌లో ఖాయం చేసుకోవడం) చేసినంత మాత్రాన ప్రవేశం పూర్తికాదు. గడువులోపల కళాశాలకు స్వయంగా వెళ్లి రిపోర్టు చేయకపోతే సీటు పోతుంది. పది, ఇంటర్ మెమోలు, టీసీ, బోనఫైడ్లు, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, ఆధార్, ఫొటోలు ఒకే ఫైలులో పెట్టుకోండి. ఆదాయ పత్రం ఈ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత మీసేవలో తీసుకున్నదై ఉండాలి. టీసీ కళాశాలకు ఇచ్చేస్తారు కాబట్టి ముందుగానే జిరాక్సులు తీయించుకోండి. మిగిలిన ఒరిజినల్స్ సరిచూసుకుని తిరిగి ఇవ్వాలన్నది యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధన. ఎక్కడ ఏ ఒరిజినల్ ఇచ్చినా రసీదు అడగడానికి మొహమాటపడవద్దు.

ఇక ఎక్కువమంది చిక్కుకునే చోటు ఈ-పాస్, అంటే ఫీజు రీయింబర్స్‌మెంటు, ఉపకార వేతనం. పది మెమోలో ఉన్న పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో ఇవాళే రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉండడం మన పల్లెల్లో మామూలే. తేడా కనిపిస్తే ఆధార్‌ను ఇక్కడే సరిచేయించండి. పట్నం చేరాక తరగతులు మానుకుని ఆ పని మీద తిరగడం కష్టం. బ్యాంకు ఖాతా అమ్మాయి పేరు మీద ఉండాలి, ఆధార్‌తో అనుసంధానమై ఉండాలి. పదో తరగతిలో తండ్రితో కలిపి తెరిచిన ఖాతా అయితే, పద్దెనిమిదేళ్లు నిండిన తర్వాత బ్యాంకుకు వెళ్లి కేవైసీ కొత్తగా చేయించాలి. బీసీ విద్యార్థులకు ఆదాయ పరిమితి పల్లెల్లో ఏడాదికి 1,50,000 రూపాయలు, పట్టణాల్లో 2,00,000 రూపాయలు.

మరొక మాట: అమ్మాయి ఆధార్‌కు జతచేసింది మీ ఫోన్ నంబరే అయితే, ఆమె మీసేవ కిటికీ ముందు నిలబడినప్పుడు ఓటీపీ మాత్రం దేవరకొండలో మీ జేబులోని ఫోన్‌కు వస్తుంది. బయలుదేరే లోపల ఆమె నంబరును ఆధార్‌కు జతచేయించండి.

డిండి వాగు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. పానగల్లు చెల్లెలి మాట విని మా ఇంటావిడ కొంత కుదుటపడింది. సారు చెప్పినట్టు చూస్తే ఆధార్‌లో నిజంగానే ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉంది. రేపే దేవరకొండ వెళ్తున్నాం. ఇక ప్రయాణం గురించి, సీనియర్ల గురించి చెప్పగలరా? ర్యాగింగ్ మాట వింటేనే మా అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుంటోంది.

వనపర్తి అమ్మ:

నమస్తే అన్నయ్యా. మా అమ్మాయి కూడా పట్నంలోని మరొక హాస్టల్‌లో ఉండి చదువుతోంది. దేవరకొండ బస్సు సాగర్ రోడ్డు మీదుగా హైదరాబాద్ పెద్ద బస్టాండు ఎంజీబీఎస్ చేరుతుంది. అక్కడి నుంచి మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ గాని సుల్తాన్‌బజార్ గాని ఒక్క స్టేషనే. కాని పెట్టెలతో మెట్రో మెట్లెక్కడం కంటే ఆ ఒక్కరోజుకు ఆటో మాట్లాడుకోవడం మంచిది. తర్వాత అమ్మాయి ఒంటరిగా వచ్చిపోయేటప్పుడు ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో మహాలక్ష్మి పథకం కింద టికెట్టు ఉచితం. చిరునామా తెలంగాణదిగా ఉన్న ఆధార్ ఒరిజినల్ దగ్గర పెట్టుకోవాలి. సూపర్ లగ్జరీకి ఇది వర్తించదు.

ర్యాగింగ్ నేరమని 1997 నుంచే మన దగ్గర చట్టం ఉంది. యూజీసీ ఉచిత నంబరు 1800-180-5522ను అమ్మాయి ఫోన్‌లో వేయండి, ఒక కాగితం మీద కూడా రాసి పెట్టెలో ఉంచండి. నిజానికి మా అమ్మాయికి మొదటి వారాల్లో బస్సు నంబర్లు చెప్పింది, జ్వరం వస్తే మందు తెచ్చిచ్చింది సీనియర్ అక్కలే. మన వైపు నుంచి వచ్చినవాళ్లు ఎవరున్నారో చేరిన రోజే అడిగి పరిచయం చేసుకోమనండి.

ఒక తల్లిగా చెప్పేది ఇంకొకటి ఉంది. ఆఫీసులో ఫారం మీరు నింపకండి. ఎంతసేపు పట్టినా అమ్మాయినే నింపనివ్వండి, అడగవలసినది అమ్మాయినే అడగనివ్వండి. మీరు వెనుక నిలబడండి. మొదటి నెల ఏడుస్తూ ఫోన్ చేస్తే వెంటనే వెళ్లి తీసుకురావద్దు, అలాగని విసుక్కోవద్దు. రాత్రి భోజనం తర్వాత ఒక వేళ అనుకుని రోజూ మాట్లాడండి.

పానగల్లు:

అక్క చెప్పిన మాటలు పూర్తిగా నిజం. ఒక్కటి కలుపుతాను. కళాశాలలో సీటు వచ్చినంత మాత్రాన హాస్టల్‌లో మంచం వచ్చినట్టు కాదు. దానికి వేరుగా దరఖాస్తు ఇవ్వాలి. కాబట్టి సామానుతో బయలుదేరే ముందే రిపోర్టు చేయడానికి ఒకసారి కాగితాలతో వెళ్లినప్పుడు హాస్టల్ ఆఫీసులో కూడా కనుక్కుని, కేటాయింపు ఖాయమయ్యాకే పెట్టెలు కదిలించండి. హాస్టల్ ఫారంలో స్థానిక సంరక్షకుల పేరు, ఫొటో, సంతకం అడుగుతారు. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు మీ బంధువులెవరైనా ఉంటే ఇప్పుడే మాట్లాడి ఒప్పించి పెట్టుకోండి, ఎందుకంటే పండుగ సెలవులకు మీరు రాలేకపోయినా అమ్మాయిని వాళ్లతోనే గేటు బయటికి పంపుతారు.